గోమారి అత్తరు

కొత్తగా సర్కారు కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "కాకా, నీ సర్వీసుల జరిగిన మంచి ముచ్చట ఒకటి చెప్పు" అని అడుగుతుంటారు. మంచి ముచ్చట్లు నా దగ్గర చాలా ఉన్నాయి. చెబితే నవ్వుతారు, చాయ తాగి పోతారు. ఇవాళ నాకు కోపం వచ్చిన ముచ్చట చెబుతాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశం కూడా నాకు లేదు. దాని మూలంగానే నన్ను నిజామాబాద్ నుంచి ఎత్తి సిరికొండ అడవి దిక్కు పడేశారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. మనుషుల పేర్లు రాయను. రాస్తే కొందరు కోర్టుకు పోతారు, కొందరు సన్మానం చెయ్యమంటారు. ఆవు పేరు మాత్రం రాస్తాను. దాని పేరు సుక్క.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. లెక్కల సారుకూ నాకూ పడలేదు. నేను వెళ్ళిపోతుంటే బడి కూడా నన్ను ఆగమనలేదు. అక్కడా ఇక్కడా తిరిగి, తొంభైల మొదట్లో నిజామాబాద్‌లో పశువుల రోగాల మీద పరిశోధన చేసే ఒక చిన్న ఆఫీసులో అటెండరుగా కుదిరాను. నా పని గోమార్లు పట్టడం. పుస్తకాల్లో పిడుదులు అంటారు. పశువుల పొదుగుకూ తోక కిందా అంటుకుని రక్తం తాగే పురుగులు. పెళ్ళయిన కొత్తలో మా మామ నలుగురి ముందర, "అల్లుడు ఆఫీసుల ఏం పని జేస్తడో మాకు సుత జెర చెప్పు" అన్నాడు.

"ఆడ గోమార్ల అత్తరు కొలుస్తం మామా" అన్నాను.

ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఎగతాళి చేశాననుకున్నాడు. నేను చెప్పింది మాత్రం అక్షరాలా నిజం.

ఆడ గోమారి ఆవుకు అంటుకుని కొన్నాళ్ళు రక్తం తాగాక దాని ఒంట్లోంచి ఒక వాసన వస్తుంది. మనిషి ముక్కుకు అందదు. మగ గోమారికి అందుతుంది. అందగానే వాడు తాగుతున్న రక్తం వదిలేసి, మూతి ఊడబీక్కుని, ఆమెను వెతుక్కుంటూ బయలుదేరతాడు. ముందరున్న పళ్ళెం వదిలిపెట్టి ఆడదాని కోసం లేచే మగవాణ్ణి నేను గోమార్లలోనే చూశాను. ఆ వాసనలో క్లోరిన్ కలిసిన ఒక పదార్థం ఉంటుందని బయటి దేశాలవాళ్ళు కనిపెట్టారు. మన గోమారిలో అది ఎంత ఉందో కొలిస్తే, అంతే వాసన ఒక విషపు బిళ్ళకు పట్టించి ఆవు మీద అతికించవచ్చు. మగవి మోసపోయి వచ్చి చస్తాయి. ఆవు ఒంటినిండా పురుగుల పౌడరు పూసి, ఆ పాలు మనం తాగే బాధ తప్పుతుంది. ఆలోచన మంచిది. ఇప్పటికీ మంచిదే అంటాను. నా కోపం దాని మీద కాదు.

కొలిచే పని హైదరాబాద్‌లో జరిగేది. మేము గోమార్లను పెట్రోలు వాసన కొట్టే ఒక ద్రవంలో వేసి చిన్న సీసాల్లో పంపేవాళ్ళం. ఆ ద్రవం బొట్టంత తీసి మిషన్‌కు ఎక్కిస్తే, మిషన్ కాగితం మీద గుట్టలు గీసేది. గుట్ట ఎంత ఎత్తుంటే సరుకు అంత ఉన్నట్టు. ఆ మిషన్ దగ్గర ఒక మేడం ఉండేది. వయసులో నాకంటే చిన్నది, మాటలో మా అమ్మకంటే గట్టిది. ప్రతిసారీ మూడు రకాల సీసాలు కావాలనేది. ఆడవి ఒక దాంట్లో, మగవి ఒక దాంట్లో, మూడోది ఖాళీ. ఆ ఖాళీ సీసా మూత పశువుల కొట్టంలోనే తియ్యాలి, గోమార్లు పట్టినంతసేపూ తెరిచి ఉంచాలి, తర్వాత ద్రవం పోసి మూసి పంపాలి.

"నిజామాబాద్ గాలికి గింత మొకం వాసి ఉన్నరా మేడం?" అని ఒకసారి ఫోన్లో అడిగాను.

"నీ గాలిల ఏమున్నదో తెల్వకపోతే, నీ గోమారిల ఏమున్నదో నాకెట్ల తెలుస్తదయ్యా?" అన్నది.

నేను ఫోను మా సారుకు ఇచ్చాను. మా సారుకు ఆ ఖాళీ సీసా అంటే మంట. "ఖాళీ సీసాలు మోయడానికి జీపు ఎందుకు?" అని సణిగేవాడు. సారు పెద్ద చదువులు చదివినవాడు. చేతిలో పనితనం ఉంది. పైవాళ్ళు మెచ్చుకున్నారా లేదా అనేదొక్కటే ఆయనకు పట్టిన జ్వరం. దానికి ఇంకా ఇంజెక్షన్ రాలేదు.

మోస్రా దాటాక చెరుకు తోటల నడుమ ఒక చిన్న ఊరుంది. అక్కడ బీడీలు చుట్టుకుని బతికే ఒక అక్క దగ్గర ఒకే ఒక్క సంకరజాతి ఆవు ఉండేది. అదే సుక్క. నల్లటి ఒళ్ళు, నొసట తెల్ల మచ్చ. "బీడీలు నా నడుము ఇరగ్గొడ్తయి తమ్మీ, గీ సుక్కనే నన్ను నిలబెడ్తది" అనేది అక్క. సుక్క మీద గోమార్లు బాగా పట్టాయని తెలిసి మా సారు స్వయంగా వెళ్ళి మాట్లాడాడు. పరీక్ష అయ్యేదాకా పౌడరు వెయ్యకూడదు, గోమార్లు పీకకూడదు, ఒక్కటి కూడా పాడు కాకూడదు. అవి నిండా తాగాలి, అప్పుడే వాసన పుడుతుంది.

అక్క ఆవు మెడ నిమురుతూ నిలబడింది. "గోమార్ల జొరమొస్తే జెర్సీ ఆవులు మిగలవంటరు గద సారూ."

"వస్తే మా బాధ్యతమ్మా. దానికి ఇంజెక్షన్ ఉంది. బజారులో దొరకదు, మా ఆఫీసు బీరువాలో ఉంది. నేనే వచ్చి వేస్తాను" అన్నాడు సారు.

బాధ్యత అన్న మాట నేను చెవులారా విన్నాను. మా జీపు డ్రైవరు చాచా విన్నాడు. సుక్క కూడా విన్నది.

అప్పటి నుంచి నేను వారంలో చాలాసార్లు ఆ కొట్టానికి పోయేవాణ్ణి. ఆవు పొదుగు కింద కూర్చుని, ఏ గోమారి ఎంత ఉబ్బిందో చూసేవాణ్ణి. అక్క చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ నన్ను ఆటపట్టించేది.

"మా ఆవు మీద కూసోబెట్టి గోమార్లకు పెండ్లిల్లు జేస్తున్నవు గదనే తమ్మీ!"

"ఔనక్కా. బువ్వ మీది, బ్యాండు మాది."

"బువ్వ మాది గాదు, సుక్కది" అని ఆమె నవ్వేది. నేను కూడా నవ్వేవాణ్ణి.

అంతా బాగానే సాగుతుండగా హైదరాబాద్ నుంచి మా డైరెక్టరు చూడడానికి వస్తున్నాడని కబురు వచ్చింది. మన దగ్గర పెద్దసారు వస్తున్నాడంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆయన నడిచే దారికి రెండు పక్కలా తెల్ల గీతలు పడాలి. సుక్క కొట్టానికి కూడా పడ్డాయి. ముందు రోజు మా సారు నల్ల ఫినాయిలు డబ్బాలు తెప్పించి కొట్టమంతా కడిగించాడు. నేల తడి ఆరకముందే నా చేతికి బ్లీచింగ్ పౌడరు సంచి ఇచ్చి, వాకిలి నుంచి ఆవు కాళ్ళ దాకా గీతలు వెయ్యమన్నాడు. వేశాను. గీతలు చక్కగా లేవని మళ్ళీ వేయించాడు. కళ్ళు మండాయి, ముక్కు పగిలిపోయింది. చాచా కొట్టంలోకి తొంగిచూసి, "అరె మియా, గిది ఆవుల కొట్టమా, దవాఖానల ఆపరేషన్ రూమా?" అన్నాడు.

అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. "నన్ను పౌడరు ముట్టొద్దంటిరి గద సారూ, మరి గిదేంది?"

"ఇది శుభ్రత కోసమమ్మా. అది వేరు, ఇది వేరు" అన్నాడు సారు.

మర్నాడు డైరెక్టరు వచ్చాడు. గీతల నడుమ నడిచాడు. ఆయన చూస్తుండగా నేను సుక్క పొదుగు నుంచి గోమార్లు తీసి సీసాల్లో వేశాను. ఆడవి, మగవి, మేడం అడిగిన ఖాళీ సీసా, మూడూ ఆ కొట్టంలోనే నింపి పంపాము. ఆవు రాత్రంతా ఆ నేల మీదే పడుకుంది. దాని పొదుగు, దానికి అంటుకున్న గోమార్లు ఆ ఫినాయిలులో, ఆ పౌడరులో నానినవే.

తర్వాత మా సారు హైదరాబాద్‌కు ఫోను మీద ఫోను కొట్టాడు. డైరెక్టరు ఢిల్లీ పోతున్నాడు, అంకె కావాలి, వెంటనే కావాలి. మేడం ముందు ఆడవాటిని మిషన్‌కు ఎక్కించింది. గుట్ట కాదు, కొండ వచ్చింది. "మిగతా రెండూ చూసేదాకా ఎవ్వరికీ చెప్పకండి సార్" అని చెప్పింది. మా సారు ఆ మాట సగం విని ఫోను పెట్టేసి, నన్ను మిఠాయి తెమ్మని పంపాడు. డైరెక్టరు ఆ అంకె పట్టుకుని ఢిల్లీలో చెప్పేశాడు. మా నిజామాబాద్ గోమారంత వాసన గల గోమారి లోకంలో లేదని తేలిపోయింది. ఆఫీసులో అందరం జిలేబీ తిన్నాము.

నోట్లో తీపి పోకముందే మేడం ఫోను వచ్చింది. మగవాటిలో కూడా అదే కొండ. ఖాళీ సీసాలో కూడా అదే కొండ.

"ఖాళీ సీసా సుత మగోళ్ళను పిలుస్తున్నదా మేడం?" అన్నాను. అలవాటుకొద్దీ అన్నాను కానీ ఆమె నవ్వలేదు. కొట్టంలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి కాగితాలు పట్టుకుని తానే వస్తున్నానంది.

ఇక్కడి నుంచి నా కోపం మొదలు. ఫోను పెట్టేసి సంగతి చెప్పగానే మా సారు, "ఆమె పౌడరు చల్లింది" అన్నాడు. నేను మేడం అనుకున్నాను. కాదు. బీడీల అక్కను అంటున్నాడు. "రహస్యంగా పురుగుల పౌడరు చల్లి మన పరీక్ష చెడగొట్టింది. చదువుకోనివాళ్ళతో ఇదే తంటా." సంచి నా చేతికిచ్చిన మనిషి ఆ మాట అన్నాడు, నా మొహం చూస్తూనే అన్నాడు. ఆయన అబద్ధమాడుతున్నాడని కూడా నాకు అనిపించలేదు. సర్కారు చల్లింది ఆయన లెక్కలో పౌడరు కాదు. బీదవాళ్ళు చల్లిందే పౌడరు.

ఆ వారంలోనే ఒక పొద్దున మొదటి బస్సుకు అక్క ఆఫీసుకు వచ్చింది. చెప్పులు కూడా లేవు.

"సుక్క మేత ముట్టలే సారూ. ఒళ్ళు కాలుతున్నది. భుజం ముంగట గడ్డ లేసింది. కండ్లు తెల్లగైనై. మీరు జెప్పిన సూది ఎయ్యుండ్రి, మీ కాళ్ళు మొక్కుత."

"నువ్వు పౌడరు చల్లావు. ఒప్పందం తప్పావు" అన్నాడు సారు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "మైసమ్మ మీద ఆన, నేను సల్లలే. గీ తమ్మి రోజు వస్తుండె, అడుగుండ్రి" అని నా వైపు చూసింది.

"ఆమె సల్లలే సార్" అన్నాను.

"నిన్ను అడగలేదు. పోయి పని చూసుకో" అన్నాడు. బీరువా తాళంచెవి ఆయన బెల్టుకు వేలాడుతోంది. బీరువా ఆ గదిలోనే, ఆమెకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆవు ఒక్కతే ఉందని అక్క వెంటనే తిరుగు బస్సుకు పోయింది.

మర్నాడు మేడం వచ్చింది. డైరెక్టరు కూడా దిగాడు. ఢిల్లీలో చెప్పిన అంకె కాబట్టి ఆయనకు నిద్ర పట్టినట్టు లేదు. ఆఫీసు గదిలో అందరూ కూర్చున్నారు. నేను చాయ ట్రే పట్టుకుని నిలబడ్డాను. మేడం కాగితాలు పరిచి, కార్బాలిక్ వాసనదేదైనా, క్లోరిన్‌దేదైనా ఆ కొట్టంలో రెండూ కలిసి పడ్డాయా అని అడిగింది.

"ఆ ఆవు యజమానురాలు ఏదో పౌడరు..." అని సారు మొదలుపెట్టాడు.

నేను ట్రే బల్ల మీద పెట్టాను. "ఆమె సల్లలే సార్. నేను సల్లిన. మీరు సల్లుమంటె సల్లిన. ముంగట ఫినాయిలు, దాని మీద బ్లీచింగు. గీతలు వంకరబోయినయని రెండుసార్లు సల్లిపిచ్చిండ్రు. డైరెక్టరు సారు దాని నడుమకెళ్ళే నడిచిండ్రు."

డైరెక్టరు వంగి తన బూట్లు చూసుకున్నాడు. ఇంకా తెల్లగా ఉంటాయనుకున్నాడేమో.

మేడం తల పట్టుకుంది. "ఫినాయిలుల ఉన్న కార్బాలిక్‌కు బ్లీచింగుల ఉన్న క్లోరిన్ తగిలితే పుట్టేది గోమారి వాసనల ఉన్న గదే పదార్థం సార్. ఏది కొలుద్దామని బయలెల్లినమో దాన్ని మీరే తయారుచేసి నేల మీద పోసిండ్రు. నేను కొలిచింది గోమారిని కాదు, మీ స్వాగతాన్ని" అంది.

కిటికీ బయట చాచా పగలబడి నవ్వాడు. ఇంకో రోజైతే నేను కూడా కిందపడి నవ్వేవాణ్ణి. నా కళ్ళు బెల్టు మీది తాళంచెవి మీదే ఉన్నాయి.

"సార్, ఆమె తప్పేం లేదని తేలె గద. సూది ఇయ్యుండ్రి. ఆవు పడిపోయిందట" అన్నాను. మోస్రా బస్సులో వచ్చినవాళ్ళు పొద్దునే ఆ కబురు చెప్పారు.

డైరెక్టరు చెయ్యి ఊపాడు. "ఇచ్చెయ్యవయ్యా, అదేదో." ఆయన మనసంతా ఢిల్లీకి ఏం చెప్పాలా అన్న దాని మీదే ఉంది.

"అలాగే సార్. భోజనం చేసి వచ్చాక ఇస్తాను. హోటల్లో చెప్పి పెట్టాను, చల్లారిపోతుంది" అన్నాడు మా సారు.

"తాళం ఇచ్చి పోండి సార్" అంది మేడం.

"గంటలో ఆవు చచ్చిపోదమ్మా" అని నవ్వి, తాళంచెవితో, జీపుతో, డైరెక్టరుతో భోజనానికి వెళ్ళిపోయాడు.

మేడం వెళ్ళలేదు. నేనూ, మేడం, మా కంపౌండరూ బీరువా ముందర బెంచీ మీద కూర్చున్నాము, శవం దగ్గర కూర్చున్నట్టు. వాళ్ళు మిఠాయి కిళ్ళీ నములుతూ వచ్చాకే బీరువా తెరుచుకుంది. కంపౌండరును ఎక్కించుకుని నేనూ చాచా బయలుదేరాము.

అది చెరుకు ఆడించే కాలం. బోధన్ ఫ్యాక్టరీకి పోయే బండ్లు ఆ సన్నటి రోడ్డు నిండా ఎదురొస్తున్నాయి. చెరుకు కట్టలు రెండు పక్కలా రోడ్డు కంటే వెడల్పుగా సాగి ఉన్నాయి. చాచా హారన్ కొట్టాడు, తిట్టాడు, దండం పెట్టాడు. నేను జీపు దిగి ముందుకు ఉరుకుతూ, "ఆవుకు సూది తీస్కపోతున్నం, జెర తొవ్వ ఇయ్యుండ్రే" అని అరిచాను. మొదటి బండి మీదున్న మరాఠీ ముసలాయన లేచి నిలబడి వెనక్కి తిరిగి, "బాజూలా ఘ్యా రే! గాయ్ ఆజారీ ఆహే!" అని కేకేశాడు. ఆవుకు బాగాలేదట, పక్కకు తియ్యండి అని. ఆ కేక బండి నుంచి బండికి పాకింది. నిండు బరువుతో ఉన్న ఎడ్లను ముక్కుతాళ్ళు పట్టి గుంజి, ఒక్కొక్క బండీ రోడ్డు దించారు. ఒక బండి ఒరిగి చెరుకంతా కాలువలో పడింది. "మీరు పోండ్రి, పోండ్రి" అన్నాడు ఆ బండాయన. సుక్క ఎవరి ఆవో వాళ్ళలో ఎవరికీ తెలియదు.

మేము పోయేసరికి సుక్క చచ్చిపోయి ఉంది. ఒళ్ళింకా పూర్తిగా చల్లబడలేదు. కంపౌండరు మెడ మీద చెయ్యి వేసి చూసి, ఇంజెక్షన్ పెట్టె మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

అక్క ఏడవలేదు. ఆవు పక్కన గొంతుక్కూర్చుని పని చేసుకుంటోంది. ప్రాణం పోయిన ఒంట్లో గోమార్లు ఉండవు. వేడి తగ్గగానే ఒక్కొక్కటే మూతి వదిలేసి దిగిపోతాయి. అవి గోడ ఎక్కి పక్కింటి బర్రె వైపు పోతుంటే, ఆమె వేళ్ళతో ఏరి ఒక చాయ గ్లాసులో వేస్తోంది. గ్లాసు సగానికి పైగా నిండింది. మమ్మల్ని చూసి, దాని మూతికి గుడ్డ ముక్క కట్టి నా చేతిలో పెట్టింది.

"ఒక్కటి సుత ఆగం గావొద్దని జెప్పిండు గద మీ సారు. అన్ని ఏరిన. తీస్కపోయి ఇయ్యి."

చాచా మొహం తిప్పుకున్నాడు. నేను గ్లాసు పట్టుకుని జీపెక్కాను. మోస్రా నుంచి నిజామాబాద్ దాకా అది నా అరచేతిలో కదులుతూనే ఉంది.

సారు ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. గాజు బల్ల మీద డైరెక్టరు కోసం కొత్త రిపోర్టు రాస్తున్నాడు. నా చేతిలో గ్లాసు చూడగానే ఆయన మొహం వెలిగింది. గ్లాసు తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"శభాష్! ఇన్ని ఆడవే! నిండా తాగినవి! ఎక్కడివయ్యా?"

"సుక్కయి సార్. సచ్చింది."

"అయ్యో" అన్నాడు. అని, ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆగలేదు. "సరే, ఈసారి శుభ్రమైన శాంపిల్ దొరికింది. ఆడవీ మగవీ వేరు చెయ్యి. లేబుల్ రాసి పెట్టు."

"గ్లాసు ఆమెది సార్. మళ్ళ ఇయ్యాలె" అన్నాను. ఆయన చేతిలోంచి తీసుకుని, గుడ్డ ఊడదీసి, ఆ రిపోర్టు మీద బోర్లించాను.

గోమార్లు కాగితాల మీద, పెన్ను మీద, ఆయన చొక్కా చేతుల మీద పాకాయి. సారు కుర్చీ ఎక్కాడు. కేకలు విని టైపిస్టు వచ్చాడు, గుమస్తాలు వచ్చారు, వాచ్‌మన్ వచ్చాడు. పట్టకార్లు, సీసాలు, దూది పట్టుకుని ఆఫీసంతా ఉరికొచ్చింది. అంతమంది మనుషులు ఆ ఆఫీసులో ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. ఒకతను తలుపు దగ్గర పాకుతున్న ఒక గోమారి మీద చెప్పుకాలు ఎత్తాడు. కుర్చీ మీద నుంచి సారు రెండు చేతులూ చాచి, గొంతు చించుకుని అరిచాడు.

"తొక్కకండి! తొక్కకండి! ఒక్కటి కూడా చావకూడదు!"

నేను ఖాళీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేశాను.